పని వచ్చు సరే, ఎలా చూపించాలి? కంపెనీ మారాలనుకునే ఐటీఐ, డిప్లొమా కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు ఇంకో కంపెనీ చూసుకుంటున్నవాళ్ల కోసం ఈ పేజీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల బయోడేటా నమూనాలు నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి. వాటిని తెచ్చి మెషిన్ షాపు ఉద్యోగానికి అతికిస్తే నప్పవు. ఎందుకు నప్పవో మొదటి ప్రశ్నలోనే తెలుస్తుంది.

బయోడేటాలో ‘స్కిల్స్’ అన్న చోట ఏం రాయాలి?

మీ కాగితం చదివే ప్రొడక్షన్ మేనేజర్ బుర్రలో ఉండేది ఒకటే లెక్క: ‘ఇతన్ని మెషిన్ దగ్గర ఒంటరిగా వదిలెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుంది?’ ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లర్నర్’ అనే మాటలు ఈ లెక్క తేల్చవు. ‘సీఎన్‌సీ (ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్) వచ్చు’, ‘వెల్డింగ్ వచ్చు’ అన్నా తేలదు.

పని పేరు రాసి వదిలెయ్యకుండా దాని కొలతలు రాయండి. ఏ మెషిన్, ఏ మెటీరియల్, ఎంత సైజు, కొలతలో ఎంత తేడాను ఒప్పుకుంటారు, షిఫ్టుకు ఎన్ని పీసులు. ఆ తర్వాత అసలు సంగతి: ఆ పని మీ చేతుల మీదుగా జరిగిందా, పక్కన ఉండి అందించారా.

ఇలా రాస్తారు చాలామంది: ‘సీఎన్‌సీ టర్నింగ్‌లో 4 ఏళ్ల అనుభవం. డ్రాయింగ్ రీడింగ్ తెలుసు.’

ఇదే మనిషి ఇలా రాయొచ్చు: ‘సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్, ఫాన్యూక్ కంట్రోల్, 4 ఏళ్లు. ఇఎన్ 8, ఎస్ఎస్ 304 షాఫ్టులు, 20 నుంచి 80 మి.మీ. వ్యాసం. బేరింగ్ సీటు కొలత ప్లస్ ఆర్ మైనస్ 0.01, మైక్రోమీటరుతో చెక్ చేస్తాను. షిఫ్టుకు 110 పీసులు. టూల్ మార్చడం, ఆఫ్‌సెట్ సరిచెయ్యడం సొంతంగా చేస్తాను. కొత్త జాబ్ సెట్టింగ్ సెట్టర్ సాయంతో చేశాను.’

చివరి వాక్యం మీ విలువ తగ్గిస్తుందని భయపడకండి. రానిదేదో ముందే చెప్పినవాడు వచ్చన్నవాటిలో అబద్ధం ఆడడని చదివేవాళ్లు అనుకుంటారు. పైగా టెస్టు ఎలా పెట్టాలో వాళ్లకు మీరే చెప్పినట్టవుతుంది.

ఒక జాగ్రత్త. 0.01 మి.మీ. కొలతను వెర్నియర్‌తో చూశానని రాస్తే అక్కడే దొరికిపోతారు. మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంట్ (అది చూపించగల అతి చిన్న కొలత) 0.02 మి.మీ. క్వాలిటీ నుంచి వచ్చిన మనిషి ముందుగా పట్టుకునేది ఇదే.

ఆపరేటర్, సెట్టర్, ప్రోగ్రామర్: వీటిలో నన్ను నేను ఏమని రాసుకోవాలి?

ఒకరి సాయం లేకుండా ఎంతవరకు చెయ్యగలరో అంతవరకే.

జాబ్ (చెక్కాల్సిన ముక్క) పెట్టి, సైకిల్ స్టార్ట్ కొట్టి, కొలిచి, వేర్ ఆఫ్‌సెట్ (టూల్ అరిగినంత మేర మెషిన్‌కు ఇచ్చే సవరణ) సరిచేసి, ఇన్సర్ట్ (టూల్ చివర కోసే ముక్క) మార్చగలిగితే ఆపరేటర్. డ్రాయింగ్, ప్రోగ్రామ్ చేతికిస్తే జా (చక్‌లో జాబ్‌ను పట్టుకునే దవడలు) బోర్ చేసి, టూళ్లన్నిటికీ ఆఫ్‌సెట్ తీసి, జీ 54 జీరో (జాబ్ మీద కొలతలు మొదలయ్యే బిందువు) పెట్టి, మొదటి పీసును క్వాలిటీతో ఓకే చేయించగలిగితే సెట్టర్. డ్రాయింగ్ ఒక్కటే ఇచ్చినా ప్రోగ్రామ్ రాయగలిగితే, లేదా క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో (డ్రాయింగ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసేది) తీయగలిగితే ప్రోగ్రామర్. ‘ఆపరేటర్ కమ్ సెట్టర్’ అని రాసుకునేవాళ్లే ఎక్కువ. రాసుకోండి గానీ, అప్పుడు ప్రశ్నలు సెట్టర్ స్థాయిలో వస్తాయని తెలిసి రాసుకోండి.

ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి. ‘సాఫ్ట్ జా బోర్ చేసేటప్పుడు లోపల ఏం పట్టిస్తావు?’ రింగో ప్లగ్గో పట్టించి, జాబ్ పట్టుకునే ఒత్తిడిలోనే బోర్ చెయ్యాలి. లేకపోతే చక్‌లోని వదులు అలాగే ఉండిపోయి జాబ్ రనౌట్ వస్తుంది, అంటే తిరిగేటప్పుడు ఊగుతుంది. చేతితో చేసినవాడు ఈ జవాబు వెంటనే చెబుతాడు. పక్కన నిలబడి చూసినవాడికి ఆ రింగు ఎందుకు పెట్టారో తెలిసి ఉండదు.

ఇంకోటి: ‘50 మి.మీ. రావాల్సిన వ్యాసం 50.03 వస్తోంది. ఏం చేస్తావు?’ ప్రోగ్రామ్ మారుస్తానంటే పోయినట్టే. జాబ్ తుడిచి, మైక్రోమీటరు జీరో చూసుకుని, మళ్లీ కొలవాలి. తేడా నిజమే అయితే ఆ టూల్ వేర్ ఆఫ్‌సెట్ ఎక్స్‌లో మైనస్ 0.03 ఇవ్వాలి. రెండు పీసుల తర్వాత మళ్లీ పెరుగుతుంటే ఇన్సర్ట్ అరిగిందేమో చూడాలి. జాబ్ వేడి మీద కొలిచానేమో అని కూడా అంటే, అడిగిన మనిషి ముఖంలోనే తేడా కనిపిస్తుంది.

ఫాన్యూక్ మీద చేశాను. సీమెన్స్ కంట్రోల్ ఉన్న కంపెనీకి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. రెండూ సీఎన్‌సీ మెషిన్‌ను నడిపే కంట్రోలర్ల బ్రాండ్లే. ముఖ్యమైన కోడ్‌లు చాలావరకు ఒకటే, స్క్రీన్లూ సైకిళ్లూ వేరు. ‘సీమెన్స్ మీద చెయ్యలేదు, నేర్చుకుంటాను’ అని సూటిగా చెప్పండి. బయోడేటాలో మాత్రం చేసిన కంట్రోల్ పేరే రాయండి.

వెల్డర్‌ని. 6జీ అని రాస్తే సరిపోదా?

చాలదు. 6జీ అనేది పొజిషన్ పేరు మాత్రమే. పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా చుట్టూ వెల్డ్ చెయ్యడం. ఏ ప్రాసెస్‌లో, ఏ పైపు మీద చేశారో రాయకపోతే దానికి అర్థం సగమే.

ఇలా రాయండి: ‘టిగ్ రూట్, ఆర్క్ ఫిల్ అండ్ క్యాప్. 6 అంగుళాల కార్బన్ స్టీల్ పైపు, షెడ్యూల్ 80. ఫిల్లర్ ఇఆర్ 70ఎస్-2, ఎలక్ట్రోడ్ ఇ 7018. 6జీలో రేడియోగ్రఫీ పాసయ్యాను.’ (టిగ్ అంటే టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌తో, ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్. రూట్ అంటే లోపల వేసే మొదటి పొర, ఫిల్ దాని మీద నింపేది, క్యాప్ పై పొర.) స్టెయిన్‌లెస్ స్టీల్ చేసి ఉంటే ఆర్గాన్‌తో బ్యాక్ పర్జింగ్ (పైపు లోపల గ్యాస్ నింపి రూట్‌ను గాలి నుంచి కాపాడటం) చేశారో లేదో రాయాలి. ఆ ఒక్క మాటతో ఫార్మా, డెయిరీ లైన్ల పని తెలుసా లేదా అన్నది తేలిపోతుంది. మిగ్ వెల్డర్లయితే వైర్ మందం, గ్యాస్, షీటు మందం రాయాలి. 1.2 మి.మీ. షీటుకూ 20 మి.మీ. ప్లేటుకూ కావలసిన చెయ్యి ఒకటి కాదు.

మరి పాత కంపెనీలో టెస్టు పాసయిన కాగితం ఉండగా కొత్త కంపెనీ మళ్లీ టెస్టు ఎందుకు పెడుతుంది? ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంస్థ) కోడ్‌లోని సెక్షన్ 9 ప్రకారం వెల్డర్‌ను క్వాలిఫై చేసే బాధ్యత, మీ చేత పని చేయించే సంస్థది. ఒక ప్రాసెస్‌లో 6 నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం వెల్డ్ చెయ్యకపోతే ఆ ప్రాసెస్ క్వాలిఫికేషన్ చెల్లదు. అందుకని మీ కాగితంలో ‘చివరిసారి టిగ్ చేసిన నెల’ రాయడం మంచి అలవాటు. పాత కాగితం పారెయ్యకండి. టెస్టుకు పిలవడానికి అదే ఆధారం.

వెల్డింగ్ టెస్టులో ఎక్కువమంది ఎక్కడ పోతారు?

రూట్ దగ్గర. అది కూడా ఆర్క్ కొట్టకముందే పోతారు.

ఫిటప్‌కు (రెండు ముక్కలను జతచేసి నిలపడానికి) తొందరపడి రూట్ గ్యాప్ ఒకవైపు 2, ఇంకోవైపు 4 మి.మీ. వదిలేస్తారు. గ్యాప్ తక్కువైన చోట పెనెట్రేషన్ రాదు, ఎక్కువైన చోట కిందికి కారుతుంది. చుట్టూ ఒకే గ్యాప్ ఉండాలి. 2.5 నుంచి 3 మి.మీ. సాధారణంగా పెట్టేది, కానీ మీకిచ్చిన డబ్ల్యూపీఎస్‌లో (వెల్డ్ ఎలా చెయ్యాలో చెప్పే కాగితం) ఏముంటే అదే పాటించాలి. పైపు రెండు ముక్కల లోపలి అంచులు ఎత్తుపల్లాలు లేకుండా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. ట్యాకుల (ముక్కలు కదలకుండా ముందు వేసే చిన్న వెల్డ్‌ల) రెండు చివరలూ గ్రైండ్ చేసి పలచగా చెయ్యకపోతే, రూట్ అక్కడికి చేరేసరికి కలవదు. ఎక్స్‌రే ఫిల్ములో తేలేది ఆ చోటే.

7018 ఎలక్ట్రోడ్లు విప్పిన ప్యాకెట్లోంచి ఇస్తే, ఓవెన్‌లో వేడి చేసినవేనా అని అడగండి. తేమ పట్టిన 7018తో పోరాసిటీ (వెల్డ్‌లో గాలి రంధ్రాలు) వస్తుంది, పగుళ్ల భయమూ ఉంటుంది. ఇలా అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. టెస్టు తీసుకునే ఇన్‌స్పెక్టర్‌కు మీ మీద మొదటి మంచి అభిప్రాయం కలిగేది అక్కడే. ఫ్యాన్ గాలి టిగ్ టార్చ్ మీదికి కొడుతుంటే దాన్ని కూడా ఆపమని చెప్పాలి.

ఎలక్ట్రీషియన్, మెయింటెనెన్స్ ఫిట్టర్లు చేసేది రిపేరు. పీసుల లెక్క ఉండదు కదా, ఏం రాయాలి?

మీ చేతిలో ఉన్న ప్లాంటు ఎంతో రాయండి. ఎన్ని మోటార్లు, ఎంత హెచ్‌పీ వరకు, ఏ రకం స్టార్టర్లు, ఏ కంపెనీ డ్రైవ్‌లు, ప్యానెల్ వైరింగ్ డ్రాయింగ్ చూసి చేస్తారా, పీఎల్‌సీలో (మెషిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) ఇన్‌పుట్ అవుట్‌పుట్ లైట్లు చూసి ఫాల్ట్ పట్టడం వరకేనా, లాడర్ (దాని ప్రోగ్రామ్) మార్చడం కూడా వచ్చా. ‘పీఎల్‌సీ తెలుసు’ అన్న రెండు మాటలకు ఈ రెండు అర్థాల మధ్య దూరం చాలా ఉంది. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వరకే చేశారా, హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) బ్రేకర్లు కూడా చూశారా అన్నది తప్పకుండా ఉండాలి. వైర్‌మ్యాన్ పర్మిట్, సూపర్‌వైజర్ పర్మిట్ ఉంటే నంబరు, గడువు తేదీతో పైనే పెట్టండి. అది లేనివాళ్లను కొన్ని పనులకు కంపెనీ తీసుకోలేదు.

రిపేర్లను ‘మెయింటెనెన్స్ చూసుకున్నాను’ అని ఒక్క ముక్కలో తేల్చకండి. మూడు పెద్ద బ్రేక్‌డౌన్లు ఎంచుకుని, ఒక్కోటి రెండు వాక్యాల్లో రాయండి: ఏం ఆగింది, కారణం ఏమని తేలింది, ఏం మార్చారు, మళ్లీ వచ్చిందా. నాలుగో సంగతి చాలామంది వదిలేస్తారు. మేనేజర్ మొదట అడిగేది అదే.

ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్నల రుచి కోసం రెండు. ‘20 హెచ్‌పీ మోటారు, స్టార్ డెల్టా స్టార్టర్. ఓవర్‌లోడ్ రిలే ఎంతకు పెడతావు?’ 415 వోల్టుల మీద ఆ మోటారు ఫుల్ లోడ్‌లో దాదాపు 28 ఆంపియర్లు లాగుతుంది. రిలే వైండింగ్ లైన్‌లో, అంటే డెల్టా లోపల ఉంటే 0.58 రెట్లు, 16 ఆంపియర్ల దగ్గర పెట్టాలి. నేమ్‌ప్లేట్ చూసి 28కి పెట్టేవాడు మోటారు కాల్చేస్తాడు. ఫిట్టర్లకైతే, ‘6205 బేరింగ్ బోరు ఎంత?’ చివరి రెండంకెలను 5తో గుణిస్తే 25 మి.మీ. ఇది చిన్న ప్రశ్నే, కానీ చిటికెలో చెప్పకపోతే తర్వాతి ప్రశ్నల్లో ఉత్సాహం తగ్గుతుంది.

ఫార్మాలో ప్రొడక్షన్ హెల్పర్‌గా, ఆపరేటర్‌గా చేశాను. నా పనిలో చూపించడానికేముంది?

రియాక్టర్ ఎన్ని కిలోలీటర్లది, గ్లాస్ లైన్డా, స్టెయిన్‌లెస్ స్టీలా, సెంట్రిఫ్యూజ్, డ్రయర్ ఏ రకం, బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డు) ఎంట్రీలు మీరే చేసేవారా, ఆడిట్ టైమ్‌లో లైన్ మీద ఉన్నారా. బీఎంఆర్ రాయడం పెద్ద నైపుణ్యమే. తప్పు రాస్తే కొట్టేసి దిద్దే పద్ధతి తెలిసిన మనిషిని (ఒక గీత, సంతకం, తేదీ, వైట్‌నర్ వాడకూడదు) జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా వెతుకుతూనే ఉంటారు.

నేను చేసింది హెల్పర్ పనే. అది రాస్తే హెల్పర్‌గానే తీసుకుంటారేమో?

హోదా దాచొద్దు. పీఎఫ్ కాగితాల్లో, పే స్లిప్పులో హోదా ఏదో ఒక రూపంలో బయటపడుతుంది. ‘హెల్పర్ (ఫాబ్రికేషన్), 2 ఏళ్లు’ అని ఉన్నదున్నట్టు రాసి, దాని కింద మీరు సొంతంగా చేసిన పనులు విడిగా పెట్టండి. గ్యాస్ కటింగ్ 25 మి.మీ. ప్లేటు వరకు, మార్కింగ్, గ్రైండింగ్, ట్యాకింగ్. ‘పెద్దాయన రానిరోజు చేశాను’ అన్నవి కూడా ఇందులోకే వస్తాయి, కాకపోతే అలాగే రాయాలి: ‘సీనియర్ లేనప్పుడు సొంతంగా, నెలకు నాలుగైదు రోజులు.’

హెల్పర్ నుంచి పై మెట్టుకు వెళ్లడానికి చిన్న యూనిట్లు మేలు. పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ హోదా చూస్తుంది. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పది మెషిన్ల షాపు యజమాని చెయ్యి చూస్తాడు.

ఎనిమిదేళ్లు ఒకటే పార్టు, ఒకటే మెషిన్. కొత్తగా చెప్పడానికి ఏమీ లేదనిపిస్తోంది.

ఎనిమిదేళ్లలో ఆ పార్టు ఎన్ని రకాలుగా పాడవుతుందో మీకు తెలిసినంతగా దాన్ని డిజైన్ చేసినవాడికి కూడా తెలియదు. అది రాయండి. ఏ ఆపరేషన్లో రిజెక్షన్ ఎక్కువ, కారణం మెటీరియలా, ఫిక్చరా, టూలా. ఇన్సర్ట్ ఒక ఎడ్జికి ఎన్ని పీసులు వస్తుంది. ఎంతమంది కొత్తవాళ్లకు ఆ మెషిన్ నేర్పారు. నేర్పడం అనేది లైన్ ఇన్‌ఛార్జ్ ఉద్యోగానికి నేరుగా దారి, ఎవరూ రాయరెందుకో.

రిజెక్షన్ శాతం, ఉత్పత్తి పెరిగిన శాతం లాంటి అంకెలు లెక్క చూపించగలిగితేనే పెట్టండి. ‘ప్రొడక్టివిటీ 30 శాతం పెంచాను’ అని నెట్‌లో చూసి రాసినవాళ్లను ‘ముందు ఎంత, తర్వాత ఎంత, ఏం మార్చావు?’ అని అడిగితే మాట ఆగిపోతుంది.

అప్రెంటిస్‌షిప్‌ను అనుభవంగా లెక్కేస్తారా?

అప్రెంటిసెస్ చట్టం (1961) దృష్టిలో అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడు కాదు. ఇచ్చేది స్టైపెండ్, పీఎఫ్ ఉండదు. అందుకే ఉద్యోగ అనుభవంలో కలిపి ‘3 ఏళ్లు’ అని రాస్తే, పీఎఫ్ చరిత్రలో 2 ఏళ్లే కనిపించి అబద్ధంలా తోస్తుంది. ‘అప్రెంటిస్‌షిప్ 1 సంవత్సరం, ఉద్యోగం 2 ఏళ్లు’ అని వేరుగా రాయండి. చివరి పరీక్ష రాసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఐటీఐ సర్టిఫికెట్ పక్కనే పెట్టాలి. ఏడాది పనిచేసి పరీక్షకు వెళ్లకుండా వదిలేసేవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది.

ఐటీఐ చదవలేదు, పని మాత్రం వచ్చు. ఏదైనా కాగితం వస్తుందా?

వస్తుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన (2015లో మొదలైంది) కింద ఆర్‌పీఎల్ అనే దారి ఉంది. ఉన్న పనితనాన్నే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ఐటీఐకి అది సమానం కాదు, ‘ఐటీఐ తప్పనిసరి’ అన్న ఉద్యోగాలకు పనికిరాదు. అయితే పేపరు ఏదీ లేని మనిషి పక్కన పేపరు ఉన్న మనిషిగా నిలబెడుతుంది. ఆర్‌పీఎల్‌కు డబ్బు కట్టమని ఎవరైనా అంటే ముందు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఆ సెంటరు పేరు ఉందేమో చూడండి.

టూల్ రూమ్ వైపు వెళ్లాలంటే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, ప్లాస్టిక్ మౌల్డింగ్ వైపైతే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ సీపెట్, స్వల్పకాలిక కోర్సులు నడుపుతాయి. ఆ పేర్లు ఈ రంగంలో పరిచయం అక్కర్లేనివి.

కాంట్రాక్టర్ పేరోల్ మీద చేశాను. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వలేదు. ఎలా నిరూపించుకోవాలి?

పీఎఫ్ పడి ఉంటే సగం పని అయిపోయినట్టే. యూఏఎన్‌తో (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు) ఈపీఎఫ్ఓ సభ్యుల పోర్టల్‌లోకి వెళ్లి ‘వ్యూ’ కింద సర్వీస్ హిస్టరీ తెరవండి. ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ ఉంటాయి. మానేసిన తేదీ ఖాళీగా ఉంటే, చివరి జమ తర్వాత రెండు నెలలు దాటాక ‘మార్క్ ఎగ్జిట్’లో మీరే నింపుకోవచ్చు. ఇది చెయ్యకపోతే కొత్త కంపెనీకి మీరు రెండుచోట్ల ఉద్యోగంలో ఉన్నట్టు కనిపిస్తారు.

దానికి జతగా జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పే స్లిప్పులు, గేట్ పాస్ లేదా ఐడీ కార్డు ఫొటో. బయోడేటాలో కంపెనీ పేరు రాసేటప్పుడు ‘ఫలానా కాంట్రాక్టర్ ద్వారా, ఫలానా ప్లాంటులో’ అని రెండూ రాయండి. ప్లాంటు పేరొక్కటే రాసి, పీఎఫ్‌లో వేరే పేరు కనిపిస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మొదట పడే దెబ్బ అదే.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రత కోడ్ ఒకటి. కాంట్రాక్టు కార్మికుడు అడిగితే, చేసిన పని వివరాలతో అనుభవ ధ్రువపత్రం కాంట్రాక్టర్ ఇవ్వాలని అందులో ఉంది. నోటితో అడిగి ఊరుకోకుండా మెసేజో ఈమెయిలో పెట్టి అడగండి. మానేశాక కాదు, సైటు మారకముందే అడగండి. కాంట్రాక్టు అయిపోయాక కాంట్రాక్టర్ ఫోనే ఎత్తడు.

మధ్యలో ఏడాది గ్యాప్ ఉంది.

ఒక్క లైను చాలు: ‘2023 జూన్ – 2024 మే: ఇంట్లో వైద్య అవసరం.’ వ్యవసాయం చేసి ఉంటే వ్యవసాయం అని రాయండి. తేదీలు సాగదీసి గ్యాప్ పూడ్చడమే ప్రమాదం, పీఎఫ్ తేదీలు వాటిని బయటపెడతాయి.

బయోడేటా తెలుగులో ఇవ్వొచ్చా? ఎన్ని పేజీలు?

హెచ్‌ఆర్ ఫైలు కోసం ఇంగ్లిషులో, ఒక పేజీ. పదేళ్లు దాటితే రెండు. వాక్యాలు సరిగా రావేమోనని నెట్‌కేఫ్ వాళ్ల చేత ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ పేరా రాయించుకోవద్దు. ఆ పేరా తీసేస్తే నాలుగు మెషిన్ల పేర్లు పట్టే చోటు మిగులుతుంది. పైన పేరు, ట్రేడు, అనుభవం ఏళ్లు, ఫోన్, ఉంటున్న ఊరు, షిఫ్టులకు ఒప్పుకుంటారా. ఆ తర్వాత పని వివరాలు. తండ్రి పేరు, మతం, ‘పైవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న పేరా ఇప్పుడు అవసరం లేదు.

పీడీఎఫ్‌గా పంపండి. ఫైలు పేరులో మీ పేరు, ట్రేడు, అనుభవం ఉండాలి. ‘న్యూ ఫైనల్ 2’ అని వచ్చిన ఫైలును వాట్సాప్‌లో మళ్లీ వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. కాగితాన్ని ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి పంపడం దీనికన్నా అన్యాయం.

ఇంటర్వ్యూ తెలుగులోనో హిందీలోనో జరిగితే కంగారు లేదు. శ్రీసిటీ లాంటి చోట్ల విదేశీ మేనేజర్లు ఉండొచ్చు. మీ పని నాలుగు వాక్యాల్లో చెప్పేంత ఇంగ్లిషు ముందే నోటికి తెచ్చుకోండి.

చేసిన పని ఫొటోలు, వీడియోలు చూపించొచ్చా?

పాత కంపెనీ పార్టు, డ్రాయింగ్, ప్రోగ్రామ్ ఫొటోలు చూపించకండి. డిఫెన్స్, ఏరోస్పేస్ సప్లయర్ల దగ్గర గేటులోనే ఫోన్ కెమెరాకు స్టిక్కరు వేస్తారు. అక్కడి ఫొటో మీ దగ్గరుందంటే రేపు మా ఫొటో కూడా బయటికి పోతుందన్నదే చూసినవాళ్లకు తట్టేది. సొంతంగా చేసినవైతే పర్వాలేదు: ఐటీఐలో చేసిన జాబ్, స్క్రాప్ ముక్కల మీద వేసిన వెల్డ్, ఇంట్లో కట్టిన ప్యానెల్. వెల్డ్ ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, రూట్ వైపు కూడా తీయండి. క్యాప్ అందంగా అందరూ తీస్తారు.

ప్రాక్టికల్ టెస్టుకు ఎలా వెళ్లాలి?

సేఫ్టీ షూ, బిగుతైన చేతుల చొక్కా. ఉంగరం, చేతి దారాలు, మెడలో గొలుసు తీసేసి వెళ్లాలి. చెప్పులతో వచ్చినవాళ్లను షాపులోకే రానివ్వరు. అలా వెనక్కి వెళ్లినవాళ్లు తక్కువేం కాదు.

డ్రాయింగ్ ఇచ్చాక రెండు నిమిషాలు చదవండి. కొలతకు టాలరెన్స్ లేకపోతే అడగండి. ఇచ్చిన మైక్రోమీటరు జీరో చూసుకోండి, రాచెట్‌తోనే తిప్పండి. జాబ్ పాడైతే పక్కన దాచకుండా ‘ఇక్కడ 0.1 ఎక్కువ తీసేశాను, ఇంకో ముక్క ఇవ్వండి’ అనండి. పాడైన పీసును మంచి పీసుల్లో కలిపేస్తాడా అన్నది ఆ షాపు యజమానికి ఉన్న అసలు భయం.

అయిపోయాక చిప్స్ తుడిచి, టూళ్లు ఎక్కడివక్కడ పెట్టి రండి. మీరు వెళ్లాక ఆయన చూసేది మెషిన్‌నే.

ఉద్యోగాలు ఎక్కడ వెతకాలి?

ముందు పాత సూపర్‌వైజర్లకు, ఇప్పటికే వేరే కంపెనీకి మారిన తోటివాళ్లకు బయోడేటా పంపండి. ఈ రంగంలో ఎక్కువ ఖాళీలు ఆ మాటల మీదే నిండుతాయి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉచితం. ఐటీఐల్లో జరిగే జాబ్ మేళాలకు కొత్తవాళ్లే కాదు, అనుభవమున్నవాళ్లూ వెళ్లొచ్చు. రిజిస్ట్రేషన్, యూనిఫాం, డిపాజిట్ అంటూ చేరకముందే డబ్బడిగే చోట పనితనం చూపించే అవసరమే లేదు, వెనక్కి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ వదలొద్దు. డిజిలాకర్‌లో ఉన్న కాపీ చూపిస్తే చాలు.

గల్ఫ్‌కు వెళ్లాలంటే బయోడేటా మార్చాలా?

మార్చాలి. అక్కడ ఒక్కో ట్రేడుకు ఒక్కో హోదా, ఆ హోదాకే వీసా. ‘ఫిట్టర్ కమ్ వెల్డర్ కమ్ డ్రైవర్’ అని రాస్తే ఏ లిస్టులోనూ ఇమడరు. పైప్ ఫిట్టర్, స్ట్రక్చరల్ ఫాబ్రికేటర్, 6జీ వెల్డర్: ఏదో ఒకటి ఎంచుకోండి. గతంలో గల్ఫ్‌లో చేసి ఉంటే దేశం, ప్రాజెక్టు రకం (రిఫైనరీ షట్‌డౌనా, బిల్డింగ్ పనా), నెలలు రాయండి. పాస్‌పోర్టు గడువు, ఈసీఆర్ (పని కోసం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావలసిన పాస్‌పోర్టు) అవునా కాదా పైనే ఉండాలి. సౌదీకి చాలా ట్రేడులకు స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష ఇక్కడే, మన దేశంలోనే రాసి పాసవ్వాలి.

ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడగకూడదు. తెలంగాణవాళ్లు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే నమ్మొద్దు. మీ చేతిలో ఎంత పని ఉన్నా ఆ వీసా మీద అది చెయ్యడం అక్కడ నేరం.

జీతం ఎంత కావాలంటే ఏం చెప్పాలి?

ఇప్పుడొస్తున్నది చేతికి ఎంత, ఓటీ (ఓవర్‌టైమ్) లేకుండా ఎంత అని రెండుగా చెప్పండి. ఓటీ కలిపి 26 వేలు అని చెప్పేస్తే, ఓటీ లేని కంపెనీలో అదే 26 వేలకు కట్టుబడిపోతారు లేదా ఎక్కువడిగినట్టు కనిపిస్తారు. కొత్తచోట 8 గంటలా 12 గంటలా, బస్సు, క్యాంటీన్ ఉన్నాయా తెలిశాకే అంకె చెప్పండి. చివరి మూడు నెలల పే స్లిప్పులు దగ్గరుంచుకోండి. అంకె చెప్పిన మరుక్షణం అవే అడుగుతారు.